చట్టము, చేను, అడవి జంతువు
(కొండపల్లి పరిసర గ్రామముల రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయ విశ్వవిద్యాలయము నుండి వచ్చినవారు విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి, తెగుళ్లను గూర్చి చెప్పుట మీకు అలవాటే. ఈ దినము నేను చెప్పబోవునది అడవి జంతువుల రక్షణ చట్టమును గూర్చి. అది అటవీ శాఖవారి పని గదా, మాకెందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. అందుకు రెండు కారణములు చెప్పెదను.

మొదటిది, అడవి జంతువులన్నియు అడవిలోనే ఉండవు. అభయారణ్యమునకు గీచిన హద్దు వాటికి తెలియదు. మీ పొలము గట్లలో, డొంకలలో, చెరువు తుంగలో, పంటకాలువ ఒడ్డున, మామిడితోటల నీడలో ఎన్నో జంతువులు బ్రతుకుచున్నవి. వాటి చావు బ్రతుకులు అటవీ అధికారి చేతిలో కంటె మీ చేతిలోనే ఎక్కువగా ఉన్నవి. రెండవది, ఈ చట్టము క్రింద కేసులలో చిక్కుకొనువారిలో వృత్తి వేటగాండ్రతో పాటు, పంట కాపాడుకొనబోయి తెలియక తప్పు చేసిన రైతులు కూడ ఉన్నారు. చట్టము తెలియదనుట కోర్టులో సమాధానము కాదు.

నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. ఈ చట్టము మీ పంటకు అడ్డు కాదు. ఏ జంతువు వచ్చినదో చూడక, వచ్చిన ప్రతి దానిని చంపు గుడ్డి సాధనములకు అడ్డు. కరెంటు తీగ, ఉచ్చు, విషపు ఎర ఈ మూడును అట్టివే. అవి పంట తిను పందిని, పంటను కాచు పామును, దారిన పోవు మనిషిని ఒక్క తీరుగనే చంపును.

ఈ చట్టము ఎట్లు వచ్చినది

మన జిల్లాలు మదరాసు రాష్ట్రములో ఉన్న కాలములోనే, 1873లో, అడవి ఏనుగుల రక్షణకు ఒక చట్టము చేసిరి. 1887లో పక్షులకు, 1912లో పక్షులకు జంతువులకు కలిపి వేరు వేరు చట్టములు వచ్చినవి. అవి చాలలేదు. ఒంటినిండ చుక్కలతో, అన్ని జంతువులకంటె వేగముగ పరుగెత్తు చీటా అను జంతువు ఒకప్పుడు మన దేశపు మైదానములలో ఉండెడిది. మనము చిరుతపులి అనునది వేరు, ఇది వేరు. 1952లో ఆ చీటా దేశములో లేకుండ పోయినదని ప్రకటించవలసి వచ్చినది. 70 సంవత్సరముల తరువాత, 2022 సెప్టెంబరులో, ఆఫ్రికాలోని నమీబియా దేశము నుండి ఎనిమిది చీటాలను విమానములో తెచ్చి మధ్యప్రదేశ్ లోని కూనో అడవిలో విడిచిరి. ఇంట్లో ఉన్న విత్తనము పోగొట్టుకొని, పొరుగూరి నుండి తెచ్చుకొన్నట్లయినది.

అడవి జంతువుల విషయము అప్పటిలో రాష్ట్రముల అధికారములో ఉండెను. పార్లమెంటు చట్టము చేయవలెనన్న రాష్ట్ర శాసనసభలు తీర్మానము చేసి కోరవలెను. అట్లు కోరిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ విధముగ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. దానిని పలుమార్లు సవరించిరి. 2022లో చేసిన పెద్ద సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది.

రక్షణ వలన ఫలమున్నదా అని అడుగువారికి మన రాష్ట్రము నుండియే ఒక ఉదాహరణము. కలివికోడి అను చిన్న పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అంతరించినదనియే పండితులు వ్రాసికొనిరి. 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవులలో అది మరల దొరికినది. దానిని కనుగొనుటకు ముందుగా తోడ్పడినది ఆ ప్రాంతపు పల్లె మనుష్యుల పరిచయమే. దాని కొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పాటు చేసిరి. పల్లెవారు ఎరిగి కాపాడినదే మిగులునని దీనినుండి తెలియుచున్నది.

వేట అనగానేమి? శిక్ష యెంత?

తుపాకి పట్టుకొని అడవిలోనికి పోవుటయే వేట అని మనము అనుకొందుము. చట్టములో వేట అను మాటకు అర్థము చాల విశాలము. చంపుట, గాయపరచుట, పట్టుట, ఉచ్చు పన్నుట, వల వేయుట, విషము పెట్టుట, ఎర చూపుట, తరుముకొని పోవుట, ఇవన్నియు వేటయే. పక్షుల గూళ్లను, పాములు తాబేళ్ల వంటివాటి గ్రుడ్లను చెరచుట కూడ వేటయే. చేయబోయి విఫలమైనను నేరమే.

రక్షణ గల జంతువులను ఇప్పుడు రెండు జాబితాలలో చేర్చినారు. మొదటి జాబితాలోనివి ఎక్కువ రక్షణ గలవి. పులి, చిరుతపులి, కృష్ణజింక, నెమలి, అలుగు, ఉడుము, బావురుపిల్లి మొదలగునవి ఇందులో ఉన్నవి. వీటిలో కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. రెండవ జాబితాలో అడవిపంది, కుందేలు మొదలగునవి కలవు. మూడవ జాబితా మొక్కలకు, నాలుగవది విదేశ వ్యాపారములో అదుపు చేయవలసిన జాతులకు సంబంధించినవి.

మొదటి జాబితాలోని జంతువును చంపినచో శిక్ష మూడు సంవత్సరములకు తగ్గదు, ఏడు సంవత్సరముల వరకు పోవచ్చును. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. అభయారణ్యములో చేసిన వేటకును ఇంతే. ఇతర నేరములకు మూడు సంవత్సరముల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. వేటకు వాడిన బండి, పనిముట్లు కూడ స్వాధీనము చేసికొందురు.

ఇంకొక సంగతి. చచ్చిన అడవి జంతువు ప్రభుత్వపు ఆస్తి. మీ చేలో చచ్చి పడియున్నను, మీరు చంపకపోయినను, దాని మాంసము, తోలు, గోళ్లు మీవి కావు. చేజిక్కిన యెడల 48 గంటలలోగా పోలీసు ఠాణాలో గాని, అటవీ అధికారికి గాని తెలుపవలెను. వెంటనే తెలుపుట మీకే క్షేమము. పాతిపెట్టి ఊరకున్నచో నేరము మీదనే పడును.

కొండ క్రింద చేలు

మనమున్న ఈ కొండపల్లి అడవి మీకు క్రొత్త కాదు. బొమ్మలు చేయు తెల్లపొణికి కర్ర ఈ కొండలదే. ఇది రిజర్వు అడవి. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము అనుమతి లేక ఇందులో చెట్టు నరకుట, నిప్పు పెట్టుట, వేటాడుట నేరములు. ఈ కొండల అంచున మొక్కజొన్న, వేరుశనగ, వరి పండించు రైతులకు మొదటి శత్రువు అడవిపంది. అది తినుదానికంటె త్రొక్కి, కుళ్లగించి పాడుచేయునది ఎక్కువ. కంకి పాలు పోసుకొను వేళ ఒక గుంపు ఒక రాత్రి వచ్చిపోయినచో ఆ మడిలో ఏమియు మిగులదు. ఆ బాధ చిన్నది కాదు. పంది కూడ దేవుని సృష్టియే అని మీకు నీతులు చెప్పుటకు నేను రాలేదు.

కాని ఆ కోపములో కొందరు చేయుచున్న పని ఒకటున్నది. చేను చుట్టును సన్నని తీగ లాగి, మోటారు లైను నుండి గాని, స్తంభము నుండి గాని కరెంటు కలుపుచున్నారు. ఈ తీగను గూర్చి గట్టిగా చెప్పవలెను.

ఇంట్లో వాడు 230 వోల్టుల కరెంటు చీకటిలో నేలకు జానెడు ఎత్తున పారుచుండును. ఆ దారిన తెల్లవారుజామున నీరు పెట్టబోవు పొరుగు రైతు రావచ్చును. కట్టు తెంచుకొన్న గేదె రావచ్చును. బహిర్భూమికి వచ్చిన పిల్లవాడు రావచ్చును. తీగ పెట్టినవాడే స్విచ్చి తీసినానను భ్రమతో దానిపై కాలు వేయవచ్చును. ఇట్టి చావులు రెండు తెలుగు రాష్ట్రములలోను మరల మరల జరుగుచునే ఉన్నవి. పేపర్లలో మీరును చదివియుందురు. ఒక ఎకరము మొక్కజొన్నకు ఒక ఇంటి దీపము ఆరిపోవుట ఏ లెక్కలోను లాభము కాదు.

చట్టము సంగతి చూడండి. లైను నుండి దొంగతనముగ కరెంటు తీయుట 2003 విద్యుత్ చట్టము క్రింద నేరము. జంతువు చచ్చినచో వన్యప్రాణి చట్టము క్రింద నేరము. మనిషి చచ్చినచో, పరిస్థితిని బట్టి, నిర్లక్ష్యముచే ప్రాణము తీసినట్లు గాని, హత్య కాని నరవధ అను మరింత పెద్ద నేరము క్రింద గాని కేసు నడచును. 2024 జులై 1 నుండి పాత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. చట్టము పేరు మారినను నేరము మారలేదు. నేను పందికొరకు పెట్టితిని, మనిషి వచ్చునని తెలియదు అను మాట చెల్లదు.

బండ్ల బ్రేకు తీగలతో పన్ను ఉచ్చు కూడ ఇట్టిదే. పందికొరకు పన్నిన ఉచ్చులో చిరుతపులి నడుము చిక్కుకొనుట మన రాష్ట్రములో పలుమార్లు జరిగినది. పెనుగులాడు చిరుతను చూడవచ్చిన జనులు గాయపడుదురు. ఉచ్చు పన్నినవాడు రెండవ జాబితా జంతువును కోరి మొదటి జాబితా నేరములో పడును.

చట్టము చూపిన దారి

మరి పందులు చేను పాడుచేయుచుండగా చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. రైతు కష్టమును ఈ చట్టము మరువలేదు. రెండవ జాబితాలోని జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, ఆస్తికి గాని ప్రమాదకరమైనప్పుడు దానిని తొలగించుటకు రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాతపూర్వకముగ అనుమతి ఇయ్యవచ్చును. ఆస్తి అనుటలో చేలో నిలిచిన పంట కూడ చేరునని చట్టములో స్పష్టముగ వ్రాసియున్నది. ఎవరు, ఎచ్చట, ఏ జంతువును అను సంగతులు ఆ ఉత్తరువులో ఉండును. దానిలో వ్రాసినట్లే చేయవలెను.

మొదటి జాబితా జంతువులకు ఈ వెసులుబాటు లేదు. పంట పాడుచేసినదను కారణముపై వాటిని చంపుటకు అనుమతి రాదు. మనుష్యుల ప్రాణమునకు ప్రమాదమైనప్పుడు, అదియు పట్టి వేరుచోటికి పంపుటకు వీలు లేదని ముఖ్య అధికారి తేల్చిన తరువాతనే, చంపుట గూర్చి ఆలోచింతురు.

ఏ జంతువైనను మీద పడినప్పుడు ప్రాణరక్షణ కొరకు, మీ ప్రాణమే గాని ఇతరుల ప్రాణమే గాని, సద్బుద్ధితో దానిని కొట్టినను, చంపినను నేరము కాదు. అయితే మీరు అప్పటికే చట్టవిరుద్ధమైన పని చేయుచుండరాదు. వేటకు పోయి, పంది మీదపడినదని చెప్పిన వినరు.

ఇంకొక ఏర్పాటు కూడ ఉన్నది. ఒక ప్రాంతములో ఒక జంతువు మరీ మితిమీరినచో కేంద్ర ప్రభుత్వము ఆ ప్రాంతమునకు, కొంత కాలమునకు, దానిని హానికర జంతువుగ ప్రకటింపవచ్చును. 2015, 2016 సంవత్సరములలో బీహారులో మనుబోతును, అడవిపందిని, ఉత్తరాఖండ్ లో అడవిపందిని కొన్ని జిల్లాలలో ఇట్లు ప్రకటించిరి. అట్టి ప్రకటన లేనిచోట పాత నియమమే వర్తించును.

దరఖాస్తు పెట్టి అనుమతి వచ్చునప్పటికి పంట మిగులునా అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పంది ఒక రాత్రిలో వచ్చును, కాగితము అంత వేగముగ రాదు. అందుచేత కంకి పట్టిన తరువాత పరుగెత్తుట కాక, విత్తిన నెలలోనే పని మొదలుపెట్టవలెను. ఒక్కొక్క రైతు వేరుగ పోవుట కంటె, కొండ అంచున చేలు గలవారందరు కలిసి గ్రామ పంచాయతీ ద్వారా అటవీ రేంజి అధికారికి దరఖాస్తు ఇయ్యవలెను. సర్వే నంబరు, పంట, విస్తీర్ణము, ఎన్నిమార్లు నష్టమైనది, నష్టపు ఫొటోలు జతపరచవలెను. ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తీసికొనవలెను. పంట నష్టమునకు ప్రభుత్వము ఇచ్చు పరిహారమునకు కూడ ఈ కాగితములే ఆధారము. జంతువుల వలన కలుగు పంట నష్టమును 2026 ఖరీఫ్ నుండి ఫసల్ బీమా పథకములో చేర్చుదుమని కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. మీ మండలమునకు, మీ పంటకు వర్తించునో లేదో వ్యవసాయాధికారిని ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

పందిని చేలోనికి రానీయని పద్ధతులు

పంది చూపు మందము. అది ముక్కును నమ్మి నడచును. కావున దాని ముక్కును ఏమార్చు పద్ధతులు పనిచేయును.

ఒకటి: మొక్కజొన్న చుట్టును నాలుగు వరుసలు ఆముదము వేయండి. ఆముదపు వాసనలో మొక్కజొన్న వాసన అణగిపోవును. ఆముదము పందికి తిండి కాదు. వేరుశనగ చుట్టును నాలుగు వరుసలు కుసుమ వేయవచ్చును. దాని ముండ్లు పందిని ఆపును.

రెండు: మంగలి దుకాణములో వృథాగ పోవు వెంట్రుకలను గట్టు వెంట పలుచగ చల్లండి. నేల వాసన చూచుచు వచ్చు పంది ముక్కులోనికి అవి పోయి చికాకు కలుగును. వాన పడినచో మరల చల్లవలెను.

మూడు: గంధకము, పందికొవ్వు కలిపిన దానిలో ముంచిన కొబ్బరి తాడును, గుంజలు పాతి, అడుగు ఎడముతో మూడు వరుసలుగ కట్టవచ్చును. పది దినములకొకసారి మరల పూయవలెను.

నాలుగు: సౌర విద్యుత్ కంచె. దీనికిని దొంగ కరెంటు తీగకును చాల భేదము కలదు. సౌర కంచెలో కరెంటు ఎడతెగక పారదు. సెకనుకు ఒకమారు రెప్పపాటు కాలము మాత్రమే దెబ్బ వచ్చును. జంతువు బెదరి పారిపోవును, చావదు. ఒక్కరికి ఖర్చు ఎక్కువ. పది మంది రైతులు చేలన్నింటికి కలిపి వేసికొన్న భారము తగ్గును. కాని ఆ తీగకు లైను కరెంటు ఎన్నడును కలుపరాదు.

ఒకే పద్ధతిని ఏండ్ల తరబడి వాడినచో పందులు అలవాటు పడును. మార్చి మార్చి వాడవలెను.

నది వెంట దిగువకు: బావురుపిల్లి

కొండపల్లి నుండి నది వెంట దిగువకు, ప్రకాశం బారేజి దాటి సముద్రము వరకు పోయినచో చేలు మారును, జంతువులు మారును. ఇక్కడి సమావేశమునకు డెల్టా రైతులు కూడ వచ్చినారు గనుక వారి సంగతి కూడ చెప్పవలెను. కృష్ణ సముద్రములో కలియుచోట, నాగాయలంక దాపున సొర్లగొంది, నాచుగుంట మొదలగు మడ అడవులు ఉన్నవి. అవి కృష్ణా అభయారణ్యములోనివి. ఆ అభయారణ్యమును 1989లో ఏర్పాటు చేసిరి.

బావురుపిల్లి అక్కడిది. పెంపుడు పిల్లికి రెండింతలుండును. బూడిద రంగు ఒంటిమీద నల్లని చుక్కలు, పొట్టి తోక, ముందుకాళ్ల వ్రేళ్ల నడుమ కొంతవరకు పలుచని తోలు ఉండును. పిల్లులన్నియు నీరు చూచి తొలగును గాని, ఇది నీటిలో దిగి మునిగి చేపను పట్టును. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని ముప్పులో ఉన్న జంతువుల పట్టీలో చేర్చినది. మన చట్టములో ఇది మొదటి జాబితాలోనిది.

దీనికి రెండు ఆపదలు. మడ అడవులు, తుంగ బీళ్లు చెరువులగుట ఒకటి. రెండవది మన తెలియనితనము. చుక్కలు చూచి చిరుతపిల్ల అని భ్రమపడి ఊరివారు కర్రలతో చుట్టుముట్టుదురు. అది మనిషి మీదికి వచ్చు జంతువు కాదు. దారి ఇచ్చినచో తుంగలోనికి పోవును. చేపల చెరువు రైతునకు కొంత నష్టము చేయుమాట నిజమే. కాని అది చేపలతో పాటు ఎలుకలను కూడ తినును. చెరువు కట్ట చుట్టును నైలాను వలను నేలకు ఆనించి కట్టి, పిల్ల చేపలున్న చిన్న చెరువులపై వల కప్పినచో నష్టము తగ్గును. గుంపులుగ ఈదు నీటికుక్కలకును ఈ ఉపాయమే. తుంగను పూర్తిగ కొట్టివేయక కాలువ ఒడ్డున ఒక పట్టె విడిచిన, వాటికి అక్కడి చేపలే చాలును.

డెల్టా తీరములో ఏటి చలికాలపు చివర నుండి వేసవి తొలి దినముల వరకు ఒడ్డుకు వచ్చి గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్లు కూడ మొదటి జాబితాలోనివే. వాటి గ్రుడ్లను తీయుట వేటగనే లెక్క.

జీతము లేని కాపలాదారులు

డెల్టా రైతునకు పంది కంటె పెద్ద శత్రువు ఎలుక. వరి పొట్ట దశలో పిలకలు కొరుకును. కోత తరువాత మాగాణి మినుములో పడును. పందికొక్కు తన బొరియలో వరి వెన్నులు దాచుకొనును. పొలమెలుకలకు, పందికొక్కులకు ఈ చట్టములో రక్షణ లేదు. వాటిని తినువాటికి రక్షణ ఉన్నది. ఈ తేడాను బాగుగ గమనించండి.

జెర్రిపోతు ఎలుక బొరియలోనికే దూరి పిల్లలను తినును. దానికి విషము లేదు. గుడ్లగూబ రాత్రి పొలముపై తిరిగి రెండు మూడు ఎలుకలను పట్టును. పిల్లలున్న కాలములో ఇంకను ఎక్కువ. దానిని చావుపిట్ట అని రాళ్లతో కొట్టుట మన మూఢ నమ్మకము. అది చావుపిట్టయే, ఎలుకలకు! ఎకరమునకు పది పదిహేను చోట్ల టి ఆకారపు కర్రలు పాతినచో గుడ్లగూబలు, పగటి పక్షులు కూర్చుండి ఎలుకలను, పురుగులను ఏరివేయును. నక్క, ముంగిస, అడవిపిల్లి కూడ ఇట్టి కాపలాదారులే.

ఎలుకలకు మందు పెట్టునప్పుడు ఈ కాపలాదారులు చావకుండ చూడవలెను. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలిన్ మందు 2 పాళ్లు కలిపి, 10 నుండి 15 గ్రాముల పొట్లములు కట్టండి. వాటిని గట్టుమీద చల్లక, ఎలుక తిరుగుచున్న బొరియ లోపలనే పెట్టండి. ముందునాడు బొరియలన్నింటిని మట్టితో మూసి, మరునాడు తెరచుకొన్న వాటిలోనే పెట్టినచో మందు వృథా కాదు. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగ పాతిపెట్టవలెను. మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడ చచ్చును. ఊరివారందరు ఒకే వారములో చేసిననే ఫలము. ఒక్కరి చేలో చేసిన పొరుగు చేలోని ఎలుకలు వచ్చి చేరును.

ఇట్టి చావు గొలుసునకు రాబందుల కథ సాక్ష్యము. పశువులకు నొప్పి తగ్గుటకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు కళేబరములో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టినది. కొన్ని ఏండ్లలోనే దేశమంతట రాబందులు తగ్గిపోయినవి. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వము నిషేధించినది. మనుష్యుల కొరకు అమ్ము డైక్లోఫెనాక్ ను పశువునకు వాడకుడు. పశువైద్యుని అడిగి మెలాక్సికామ్ వంటి మందు వాడండి.

పాములను గూర్చి భయము ఉన్నది, అది సహజమే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు చాల ఎక్కువై, మోపిదేవిలో సర్పశాంతి యాగము కూడ జరిగినది. వానలకు, కాలువ నీటికి బొరియలు మునిగి పాములు గట్లమీదికి చేరును. అదే కాలములో నాట్లు, కలుపు పనులు. అందుకే కాట్లు. పాములను చంపుట దీనికి మందు కాదు. పామును చంపిన ఎలుక పెరుగును, ఎలుక పెరిగిన మరల పామే వచ్చును. చీకటిలో టార్చిలైటు, కాళ్లకు బూట్లు, గడ్డిమోపు ఎత్తునప్పుడు ముందుగ కర్రతో కదలించుట, ఇవి అలవాటు చేసికొనండి. మన చోట ప్రాణము తీయు ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ పాము. ఈ నాలుగింటికిని విరుగుడు సూది ఆసుపత్రిలో ఉన్నది. కరచిన చోట కోయరాదు, త్రాటితో బిగించరాదు, మంత్రగాని యొద్ద కాలము పోగొట్టరాదు. 108కి కబురు చేసి, కాలు కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను.

మీరు సాధారణముగ అడుగు ప్రశ్నలు

ఇంట్లో రామచిలుకను పంజరములో పెంచవచ్చునా? పెంచరాదు. మన రామచిలుక అడవి పక్షి, పైగా 2018 నుండి మన రాష్ట్ర పక్షి. పట్టుట, అమ్ముట, కొనుట, పంజరములో ఉంచుట నేరములే. నక్షత్ర తాబేలును అదృష్టమని ఇంట్లో ఉంచుటయు ఇంతే.

ఉడుము మాంసము నడుమునొప్పికి మందట గదా? కాదు. అందులో ఏ మందును లేదు. మూడు సంవత్సరముల జైలు మాత్రము ఉన్నది.

నెమళ్లు మిరప నారును, వేరుశనగను పొడుచుచున్నవి. ఏమి చేయవలెను? నెమలి జాతీయ పక్షి, మొదటి జాబితాలోనిది. పంట కొరకు దానిని చంపుటకు అనుమతి లేదు. మెరయు రిబ్బనులను చేనిపై గాలికి ఊగునట్లు కట్టండి. నారుమడిపై వల కప్పండి.

చిరుతపులి కనబడినది. ఏమి చేయవలెను? గుంపుగ చేరి తరుమరాదు. మేకలను కొట్టములో కట్టి, పిల్లలను ఇంట్లో ఉంచి, అటవీ శాఖకు, పోలీసులకు తెలుపవలెను. బావిలో పడినను, ఉచ్చులో చిక్కినను దగ్గరకు పోరాదు. జనము లేకున్నచో అది తన దారిన తాను పోవును.

జ్ఞాపకము ఉంచుకొనవలసినవి

1. చేను చుట్టు కరెంటు తీగ పెట్టకుడు. పెట్టినవారు కనబడిన, మీ బంధువైనను, తీయించండి. అది మీ ప్రాణము కొరకే.
2. ఉచ్చు, విషపు ఎర వాడకుడు. ఎలుక మందు బొరియలోనే.
3. పంది బాధ ఉన్నచోట విత్తిన నెలలోనే పంచాయతీ ద్వారా కలిసి దరఖాస్తు ఇయ్యండి, రసీదు ఉంచుకొనండి.
4. ఆముదము, కుసుమ, వెంట్రుకలు, తాడు, సౌర కంచె, వీటిని మార్చి మార్చి వాడండి.
5. చచ్చిన జంతువును గూర్చి వెంటనే తెలుపండి.
6. జెర్రిపోతును, గుడ్లగూబను మీ పాలేరుగ ఎంచుకొనండి.

సోదరులారా! ఏ పురుగు పంటను తినునో, ఏ పురుగు ఆ పురుగును తినునో గుర్తెరిగి మందు కొట్టవలెనని మేము మీకు ఎన్నో ఏండ్లుగ చెప్పుచున్నాము. మీలో చాలమంది సాలీడును, అక్షింతల పురుగును గుర్తించి కాపాడుచున్నారు. ఈ చట్టము కోరునదియు అదియే, కొంచెము పెద్ద జంతువుల విషయములో. చూచి, గుర్తెరిగి, ఆ పైన చేయి ఎత్తవలెను. వచ్చిన మొక్కజొన్న పంటకు కొండ అంచు గ్రామములవారు ఇప్పుడే కూర్చుండి దరఖాస్తు వ్రాసికొనండి. వ్రాయుటలో సాయము కావలసినచో మీ మండల వ్యవసాయాధికారిని గాని, దాపునగల మా విస్తరణ కేంద్రమును గాని అడుగండి.